తొడిమ లేని గుమ్మడికాయలు

సోమవారం పొద్దున డల్సీ దుప్పట్లు ఆరేసి ఇంటి వెనక్కి వచ్చేసరికి ఆమె భర్త క్లెమ్ గుమ్మడికాయలన్నీ కోసేశాడు. మొత్తం పదకొండు. వాటిని నీళ్ల ట్యాంకు నీడలో వరసగా పేర్చి, చివర్లో బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. చేతులకు పాదు పసరంతా అంటుకుని ఉంది. పని చక్కగా ముగించిన మనిషి మొహంలో ఉండే నిబ్బరం అతని మొహంలో ఉంది.

"ఈ ఏడు బాగా కాశాయే డల్సీ," అన్నాడు.

కోతకి ఇంకా మూడు వారాలుంది. ఆ సంగతి మా ఊళ్లో బడికెళ్లే పిల్లనడిగినా చెబుతుంది. నీలి గుమ్మడి పాదు దానంతటది ఎండాలి, ఆకులు కాలికింద గలగలమనాలి, తొడిమ ముదిరి ఎండుకట్టెలా తయారవ్వాలి. అప్పుడే కత్తి పట్టుకుని దొడ్లోకి దిగాలి. ఇదింకా మార్చి మొదటి వారం. పాదు కంచె మీదకి పచ్చగా పాకుతోంది, కొసల్లో పూలు కూడా విచ్చుకుంటున్నాయి.

డల్సీ దగ్గరికెళ్లి వంగి చూసింది. ఒక్క కాయకీ తొడిమ లేదు. ఒక్కోదాన్నీ రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి పీకినట్టున్నాడు. తొడిమ ఉండాల్సిన చోట తడితడిగా గుంట, ఆ గుంటలో బంక. చీమలు అప్పుడే దారి కనిపెట్టాయి.

"కత్తేదీ?" అంది.

"కత్తెందుకు, చేత్తో వచ్చేస్తుంటే," అన్నాడు క్లెమ్.

ఈ మాట అన్నది ఎవరో తెలిస్తే మా ఊరివాళ్లు నమ్మరు. ముప్పై ఏళ్లు ఊళ్లో ఏటా పెట్టే పంటల షోలో గుమ్మడికాయల పోటీకి అతనే పెద్ద. అతను కాయలు పెడితే మొదటి బహుమతి అతనిదే, పెట్టకపోతే తీర్పు అతనిది. కాయని తొడిమ పట్టుకుని ఎత్తినవాణ్ణి పదిమందిలో నిలబెట్టి, నీ బిడ్డని కూడా చెవి పట్టుకునే ఎత్తుతావా అని అడిగేవాడు. పోలీసు సార్జంటు తెచ్చిన కాయకి తొడిమ పొట్టిగా ఉందని బల్ల మీద నుంచి తీయించేస్తే, ఆయన ఏడాది పాటు క్లెమ్‌తో మాట్లాడలేదు. తొడిమ ఊడిన కాయలోకి ఆ గుంటలోంచే కుళ్లు దిగుతుంది. వారం తిరక్కుండా కాయ లోపలంతా నీరైపోతుంది. తొడిమ ఉన్నదైతే కోళ్లగూటి రేకుల మీద రెండువారాలు ఎండకి పెడితే చాలు, మళ్లీ విత్తులేసే దాకా చెక్కు చెదరదు.

డల్సీ అరవలేదు. ఏడాదిగా ఏది జరిగినా ఆమె దానికేదో కారణం వెతికి పెట్టుకుంటోంది. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటే కళ్లజోడు మార్చాలనుకుంది. మంగలి షాపు నుంచి ఇంటికి దారి తెలీక చర్చి మెట్ల మీద కూర్చుంటే ఎండదెబ్బ అనుకుంది. ఇవాళ ఆ వరసలో కూర్చున్న కాయల్ని చూస్తే ఏ కారణమూ దొరకలేదు. పెళ్లినాటి నుంచీ తనకి తెలిసిన మనిషి చేతులు చేసే పని కాదిది.

గురువారం నర్సు వస్తోంది. డాక్టరు పంపిస్తున్నాడు. క్లెమ్ ఇంట్లో ఉండగలడా లేదా అని చూసి రాసుకుపోతుంది. ఉండలేడని రాస్తే టూవూంబా పట్నంలోని వృద్ధాశ్రమానికి పంపాలి. మతి తప్పినవాళ్లకి అక్కడ వేరే భాగం ఉందిట, దాని తలుపు బయటినుంచి గడియ పెడతారు. అందులో క్లెమ్‌ని ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు. కాయల్ని ఎవరి కంటా పడనివ్వకూడదని అక్కడే నిలబడి నిశ్చయించుకుంది.

ఒంటిచక్రం బండి తెచ్చి కాయల్ని షెడ్డులోకి మోసింది. ఒక్కో కాయ చంటిపిల్లంత బరువు. క్లెమ్ కూడా ఉత్సాహంగా చెయ్యి వేశాడు. అడుగున అరచేయి పెట్టి, రెండో చేత్తో పొదివి, ఎప్పుడూ ఎత్తే పద్ధతిలోనే నెమ్మదిగా ఎత్తాడు. ఎత్తడం అంతా గుర్తుంది. అది చూస్తుంటే డల్సీకి ఇంకా ఏడుపొచ్చింది.

"రేకుల మీద పెట్టాలిగా?" అన్నాడు క్లెమ్.

"నిచ్చెన మెట్టు విరిగింది," అంది డల్సీ. అతను సరేనని తలూపాడు. నిచ్చెన గోడకి ఆనించి వాళ్లెదురుగానే ఉంది.

కాయల మీద గోనెసంచులు కప్పి, ఆమె తలుపు దగ్గరగా వేసింది.

*

మంగళవారం రెగ్ జెల్లర్ వచ్చాడు. సందుకి అవతలి ఇల్లు అతనిది. క్లెమ్ తర్వాత షోలో గుమ్మడికాయల బల్లలు చూసుకునేది అతనే. ఏటా ఇదే వారంలో పోటీ కాగితం పట్టుకొస్తాడు, పది గంటల టీ తాగుతాడు, డల్సీ చేసిన గుమ్మడి స్కోన్లు, ఆ బన్నుల్లాంటివి, నాలుగు తిని, పోయినేటివే బాగున్నాయంటాడు.

"ఏరా, ఈసారైనా రెండో బహుమతికి సిద్ధపడు. నాకు అలవాటైపోయింది, నీక్కూడా అలవాటు చేస్తాను," అన్నాడు రెగ్, క్లెమ్ వీపు మీద చరిచి.

క్లెమ్ నవ్వాడు. పాత నవ్వే. రెగ్ పేరు నోటికొచ్చిందో లేదో గానీ, అవతలివాడు తనవాడని మాత్రం తెలుస్తోంది. స్కోను సగానికి విరిచి వెన్న రాస్తూ, రెగ్ మాట్లాడిన ప్రతిదానికీ అవునవునంటూ కూర్చున్నాడు. డల్సీ ఇద్దరి మధ్యా కూర్చుని, క్లెమ్‌ని ఏదైనా అడిగితే తాను ముందు అందుకుని జవాబు చెప్పింది. వానల సంగతి చెప్పింది, కోళ్ల సంగతి చెప్పింది. రెగ్ ఒకటి రెండుసార్లు ఆమె వైపు చూశాడు.

టీ అయ్యాక కాయలు చూద్దాం పదమన్నాడు. ఈ ఏడు బూడిద తెగులు కొట్టేసింది, కాపు లేదని డల్సీ గబగబా చెప్పేసింది. ఇంకో అబద్ధమేదైనా చెప్పాల్సింది. పాలల్లో నీళ్లు కలిపి ఆకులకి కొట్టి తెగుల్ని ఆపొచ్చని ఈ వైపంతా నేర్పినవాడు క్లెమ్. అతని దొడ్లో బూడిద తెగులని అతని ఎదుటే అన్నందుకు ఆమెకి సిగ్గేసింది.

"తెగులేంటి?" అన్నాడు క్లెమ్. "కోసేశాగా నేను."

రెగ్ పెద్దగా నవ్వాడు. కోతకి మూడు వారాల ముందే కోశానంటే క్లెమ్ వేళాకోళమాడుతున్నాడనుకున్నాడు. నవ్వుకుంటూనే వెనకవైపు మెట్లు దిగి పాదు దగ్గరికెళ్లాడు. డల్సీ వెనకాలే వెళ్లింది గానీ ఆపలేకపోయింది. పాదు పచ్చగా ఉంది. ఆకుల మధ్య అక్కడక్కడా పలకలు పరిచి ఉన్నాయి, కాయలు నేలకి తగలకుండా క్లెమ్ ఏటా పెట్టే పలకలు. వాటి మీద కాయల్లేవు. వాటి పక్కన తీగకి తొడిమలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటీ నాలుగు వేళ్ల పొడుగున, పచ్చిగా, చివర చీరుకుపోయి.

రెగ్ గొంతుక్కూర్చున్నాడు. ఒక తొడిమని వేలితో తాకి చూశాడు. అరవై దాటిన మనిషి, నాగలి వెనక నడిచినవాడు, మాట కరుకు. ఆ వేలు మాత్రం గాయాన్ని తాకినట్టు మెత్తగా తాకింది. లేచి టోపీ సర్దుకుని, పోటీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర ఆగి, "నర్సెప్పుడొస్తోంది?" అని అడిగాడు.

"గురువారం."

"ఊఁ," అన్నాడు రెగ్. వరండాలో నిలబడ్డ క్లెమ్‌కి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

*

బుధవారం ఉదయం డల్సీ కోళ్లకి మేత వేసి వచ్చి టీ పెట్టుకుంది. ఫ్రిజ్‌లోంచి పాలజగ్గు తీసి కప్పులో పోసింది. టీ తిరగాల్సిన రంగు తిరగలేదు, పైన సన్నగా నూనె తేలింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కిరసనాయిలు లాంటి వాసన.

నిమ్మచెట్టు ఆకుల పురుగుకి కొట్టే తెల్లమందు అది. నీళ్లల్లో కలిపితే అచ్చం పాలే. క్లెమ్ షెడ్డులో కలిపి, మోసుకొచ్చి, పాలజగ్గులో పోసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో దాని చోట దాన్ని పెట్టాడు. మరి పాలేమయ్యాయి? కిటికీలోంచి చూస్తే పిచికారీ డబ్బా నిమ్మచెట్టు కింద ఉంది. చెట్టు ఆకుల మీంచి పాలు కారుతున్నాయి.

క్లెమ్ కప్పు బల్ల మీద ఖాళీగా ఉంది. డల్సీ దాన్ని తీసి వాసన చూసింది, వేలితో అడుగు తుడిచి చూసింది. పొడిగా ఉంది, ఇంకా తాగలేదు. ఆమె కుర్చీలో కూలబడింది. తాను కోళ్లదగ్గర ఉన్నది పావుగంట. జగ్గుని మరిగేనీళ్లతో మూడుసార్లు కడిగి, అయినా మనసొప్పక చెత్తలో పారేసింది. అతన్ని కనిపెట్టుకుని ఉండటానికి తన రెండు కళ్లు చాలవని ఆమెకి ఆ పావుగంట చెప్పింది. ఆ మాట తనకి తాను చెప్పుకోవడం కూడా అతనికి ద్రోహం చేసినట్టే అనిపించింది.

షెడ్డుకి తాళం వేసి తాళంచెవి జాకెట్టులో దోపుకుంది. అక్కణ్ణించి మధ్యాహ్నం దాకా క్లెమ్ ఆ తలుపు దగ్గరే ఉన్నాడు. తాళాన్ని లాగాడు, ఊపాడు, బతిమాలాడు. అన్నం తిందువుగాని రమ్మని ఆమె చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "నా షెడ్డుకి తాళం వెయ్యడానికి ఎవరు నువ్వు?" అన్నాడు. కోపంతో అన్నాడో, నిజంగానే అడిగాడో అతని మొహం చూస్తే తెలీలేదు. డల్సీ వంటింట్లోకెళ్లి కొళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

మూడింటికి రెగ్ తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చాడు. బండిలో గడ్డి, గడ్డిలో అతని దొడ్లో కాసిన నీలి గుమ్మడికాయలు నాలుగు. రెగ్ తొందరమనిషి, అందరికంటే నెల ముందు విత్తుతాడు, ముందు కోస్తాడు. ఒక్కోదానికీ తొడిమ ఎండి, గట్టిపడి, దిట్టంగా ఉంది. ఏమీ అడక్కుండానే నిచ్చెన తీసి కోళ్లగూటికి ఆనించాడు. క్లెమ్‌ని పిలిచి కాయలందించమన్నాడు. క్లెమ్ అలక మర్చిపోయి ఒక్కొక్కటే అడుగున చెయ్యి పెట్టి అందించాడు. రెగ్ వాటిని రేకుల మీద తొడిమ కనబడేలా తిప్పి పెట్టి కిందికి దిగాడు.

"ఆ నర్సు వంటింటి కిటికీలోంచి చూస్తే ఇవి కనబడాలి," అన్నాడు డల్సీతో. "ముప్పై ఏళ్లు వీడి చేతిలో ఓడాను. నా కాయలు వీడి కప్పెక్కడం ఇదే మొదలు. అడిగితే వీడివే అని చెప్పు."

"ఆ పిల్లకి గుమ్మడికాయల సంగతేం తెలుస్తుంది రెగ్?"

"తెలీకపోవడమేంటి?" అన్నాడు రెగ్. తొడిమ సంగతి తెలీని మనిషి లోకంలో ఉంటారని అతనికి తోచలేదు. మొహం అటు తిప్పుకుని, చేతులకంటిన గడ్డి దులుపుకున్నాడు.

*

గురువారం పదింటికి నర్సు వచ్చింది. పేరు బ్రోన్విన్. ముప్పై ఏళ్ల పిల్ల, ఎండకి ముక్కు కందిపోయి ఉంది. మనిషి నెమ్మదస్తురాలు. డల్సీ ఆమెని దుర్మార్గురాలిగా ఊహించుకుని మూడు రోజులు ద్వేషించింది. ఎదురుగా చూశాక ద్వేషించడానికి ఏమీ కనబడలేదు.

క్లెమ్ ఇస్త్రీ చొక్కాలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఆ పూట అతని అదృష్టమో ఏమో, మబ్బు విడిపోయినట్టు మాట్లాడాడు. ఇవాళ ఏ వారం అంటే, ఇప్పుడే చెత్తబండి వెళ్లింది కాబట్టి గురువారం అన్నాడు. గడియారం బొమ్మ గీయమంటే, వాచీ పెట్టుకుని నన్ను గీయమంటావేంటమ్మాయ్ అని నవ్వించాడు. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే రెండు అప్పజెప్పాడు, మూడోదానికి బదులు ఆమె చెప్పులు బాగున్నాయన్నాడు. బ్రోన్విన్ నవ్వుతూనే రాసుకుంది. డల్సీ బల్ల కింద వేళ్లు ముడేసుకుని కూర్చుంది.

బ్రోన్విన్ కిటికీలోంచి చూసి, ఆ కాయలు ఎంత ముచ్చటగా ఉన్నాయో అంది.

ఇక క్లెమ్‌ని ఆపేవాళ్లెవరు. కాయ ఎప్పుడు కొయ్యాలో చెప్పాడు. గోటితో నొక్కితే గోరు దిగకూడదన్నాడు. చుట్టూ తీగ ఎండాలన్నాడు. బెత్తెడు తొడిమ వదిలి పదునైన కత్తితో ఒక్క కోత కొయ్యాలని, తొడిమ ఊడితే ఆ కాయ దక్కదని, షోలో ముప్పై ఏళ్లు చెప్పిన మాటలే ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పాడు. డల్సీ అంతా విన్నది. ఆ గొంతు వింటుంటే తన మనిషి తిరిగొచ్చేశాడనిపించింది. సోమవారం జరిగింది తన పీడకలేమోననిపించింది. చెప్పడం అయ్యాక క్లెమ్ లేచి, కోళ్లని చూసొస్తానని బయటికెళ్లాడు.

బ్రోన్విన్ ఫైలు మూసింది. కొంత మరుపు ఉంది గానీ మనిషి బాగానే ఉన్నాడు, వారానికి రెండుసార్లు సాయానికి ఎవరినైనా పంపిస్తాం, ఇంట్లోనే ఉంచొచ్చని రాస్తున్నాను, ఆర్నెల్ల తర్వాత మళ్లీ వస్తాను అని చెప్పింది. "మీరు బాగా చూసుకుంటున్నారు డల్సీ," అని కూడా అంది.

మూడు రోజులుగా డల్సీ కోరుకున్నది ఇదే. థాంక్స్ అని గేటు దాకా సాగనంపితే అయిపోయేది. వాకిట్లోకి వచ్చారు కూడా. బ్రోన్విన్ కారు తాళాలు తీసింది. డల్సీకి చెత్తలో పారేసిన పాలజగ్గు గుర్తొచ్చింది. ఆర్నెల్లలో ఎన్ని పావుగంటలుంటాయో అనుకుంది.

"అమ్మాయ్, ఒక్క నిమిషం ఇలా రా," అంది.

షెడ్డు తాళం తీసి, గోనెసంచులు లాగింది. లోపలి వేడికి రెండు కాయలు అప్పుడే మెత్తబడ్డాయి. పులిసిన కంపు గుప్పుమంది. బ్రోన్విన్ చూసింది. ఏం చూడమంటున్నారో అర్థంకాక, చాలా పెద్దవే కాశాయే అంది.

"వీటికి తొడిమల్లేవు," అంది డల్సీ.

అంతవరకూ అని ఆగింది. ఊళ్లోవాళ్లకైతే ఇంకో మాట అక్కర్లేదు. ఈ పిల్లకి అన్నీ చెప్పాలి. చెబితే తన నోటితో తానే అతన్ని పంపించినట్టు. చెప్పింది. కాయలు ఎప్పుడు కోశాడో, ఎలా పీకాడో, కప్పు మీదవి ఎవరివో చెప్పింది. పాలజగ్గు సంగతి కూడా చెప్పింది. "నిన్న నువ్వెవరని అడిగాడు. ఆయన్ని ప్రాణాలతో కాపాడుకోవడం నా ఒక్కదానివల్ల కావట్లేదు," అంది.

బ్రోన్విన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

తలుపు దగ్గర వెలుతురుకి ఎవరో అడ్డుపడ్డారు. క్లెమ్. ఏం విన్నాడో తెలీదు. లోపలికొచ్చి, కాయల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒకదాన్ని దగ్గరికి తిప్పుకుని, ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు. ఇంకోదాన్ని చూశాడు. అతని మొహం ముడుచుకుపోయింది.

"ఎవరు చేశారీ పని?"

బ్రోన్విన్ డల్సీ వంక చూసింది.

"నేనే," అంది డల్సీ.

"నువ్వా?" అతను నమ్మలేనట్టు చూశాడు. "పచ్చివాటిని... తొడిమల్లేకుండా... ఇన్నేళ్లు నా పక్కనుండి చూశావు కదే. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"తప్పైపోయింది."

పరాయి మనిషి ముందు అతను ఆమెనెప్పుడూ ఒక్క మాట అన్నవాడు కాదు. ఇప్పుడు బాధ పట్టలేక ఇంకో రెండు మాటలన్నాడు. అంతలో ఆమె కళ్లనీళ్లు చూసి మెత్తబడ్డాడు. మోకాలి మీద చెయ్యూని కష్టంగా లేచాడు.

"పోనీలే, ఏడవకు. వచ్చే ఏడు దగ్గరుండి చూపిస్తాను." ఆమె కుడిచెయ్యి తీసుకుని, కత్తి పట్టినట్టు వేళ్లు మడిచి, తన చెయ్యి దాని మీద వేశాడు. గాలిలో నెమ్మదిగా ఒక కోత కోయించాడు. "ఇదిగో ఇక్కడ. బెత్తెడు వదిలి. తొందరపడకూడదు."

"సరే," అంది డల్సీ.

బ్రోన్విన్ ఫైలు మళ్లీ తెరిచింది. వంటింట్లో రాసినదాని మీద గీత కొట్టింది. క్లెమ్ తల తిప్పి ఆమె చేతిలో కలాన్ని చూశాడు. మొహం వికసించింది.

"రాసుకో అమ్మాయ్, రాసుకో," అన్నాడు. "ఇవన్నీ ఎవరూ చెప్పరు."

"రాసుకుంటున్నానండీ," అంది బ్రోన్విన్, తలెత్తకుండా.